అవ్వ మూరతో కట్టిన ఇల్లు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే ముందు నవ్వేది నేనే. వాటిని ఏనాడూ నమ్మలేదు. ఇది చదివి మీరు నవ్వినా నాకేం కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది కామారెడ్డి. కంప్యూటర్‌లో నేను ఆడే ఆట ఒకటుంది. ఇల్లు కట్టి, మనుషులను తయారుచేసి అందులో కాపురం పెడితే, వాళ్లంతట వాళ్లే వండుకుంటారు, తింటారు, పడుకుంటారు. ఆ మనుషుల కన్నా నాకు ఇండ్ల మీదే మోజు. మేముండే ఇల్లు, దోమకొండలో మా చిన్నమ్మ ఇల్లు గోడ గోడా కొలిచి అందులో కట్టాను. ఇంత వయసొచ్చినా బొమ్మరిండ్ల పిచ్చి పోలేదని బాపు ఎగతాళి చేసేవాడు.

అవ్వ, అంటే బాపు వాళ్ల అమ్మ, ఎల్లారెడ్డిలో ఉండేది. అక్కడి మట్టి ఇల్లు వానలకు కూలాక మా దగ్గరికి వచ్చింది. అప్పటికే మతిమరుపు. పొద్దుగూకితే చాలు, సంచిలో చీర పెట్టుకొని ఇంటికి పోతానని బయలుదేరేది. ఒకసారి బస్టాండులో దొరికింది. ఇంకోసారి పెద్ద రోడ్డు దాటుతుంటే ఎవరో పట్టుకొచ్చారు. ఇక గేటుకు తాళం వేయడమే అన్నాడు బాపు. నాకు మనసొప్పలేదు. ఆమె ఇంటిని ఆటలో కట్టి చూపిస్తే కుదుటపడుతుందేమో అనిపించింది.

మనుషుల పేర్లు మరిచిపోయినా ఇంటి కొలతలు మాత్రం అవ్వకు నోటికొచ్చు. అన్నీ మూరల్లో చెప్పింది. ముందు తలుపు నుంచి పెరటి గడప దాకా ఇరవై మూరలట. మూరంటే అడుగున్నర అని లెక్కేసి కట్టేశాను. తెల్ల జుట్టు పెట్టి ఒక ముసలామెను తయారుచేసి అందులోకి దింపాను.

ఆ ముసలామె పెరట్లోకి పోయేది కాదు. తలుపు ఇంకా ఐదడుగుల దూరం ఉండగానే వంటింటి నేల మీద ఆగి, అక్కడే నిలబడిపోయేది. ఎటు పంపినా కాసేపటికి మళ్లీ అక్కడికే. అడ్డమేమోనని సామాను తీసేశాను. ఆమెను చెరిపేసి కొత్తగా చేశాను. అయినా అదే చోటు. తమ్ముడికి చూపిస్తే ఆటలోనే తప్పేదో ఉందన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

మర్నాడు అవ్వను పక్కన కూర్చోబెట్టి చూపించాను. చాలాసేపు చూసింది.

“నా ఇల్లు గింత పెద్దగ లేకుండె” అన్నది. తర్వాత తెర మీద ఆ ముసలామెను వేలితో చూపించి, “గామె గడప మీద ఎందుకు నిలవడ్డది? గట్ల నిలవడొద్దని చెప్పరాదు బిడ్డా” అన్నది.

గడప మీద నిలబడితే చిన్నప్పుడు మమ్మల్నీ అలాగే కసిరేది. కానీ అక్కడ గడప ఎక్కడిది? వట్టి నేల. ఆ మాటే అన్నాను.

“గాడనే ఉంటది గడప. నా ఇల్లు నాకు తెల్వదా?”

అప్పుడు తట్టింది. ఆమె కొలిచింది తన చేత్తో కదా. టేపు తెచ్చి అవ్వ మోచేయి నుంచి నడివేలి కొస దాకా పట్టి చూస్తే అడుగూ పావే ఉంది. ఆ లెక్కన పెరటి గడప సరిగ్గా ముసలామె నిలబడ్డ చోటికే వస్తుంది. నేను పెట్టని గడప మీద ఆమె నిలబడి ఉంది.

ఇల్లంతా అవ్వ మూరతో మళ్లీ కట్టాను. ఈసారి అవ్వ చూస్తుండగానే ఆ ముసలామె ఆగకుండా గడప దాటి, పెరట్లోకి వెళ్లి కూర్చుంది.

ఆ సాయంత్రం పొద్దుగూకినా అవ్వ కదలలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను, ఇంటికి పోవా అవ్వా అని.

“ఏడికి పోవాలె బిడ్డా? ఇప్పుడే గద ఇంట్లకొచ్చిన.”

ఆ తర్వాత ఏ రోజూ గేటు వైపు పోలేదు. బాపు తాళం మాట మరిచిపోయాడు. తమ్ముడు కాకతాళీయం అంటాడు, కావచ్చు. మూర పొట్టిదని నాకే తెలియనప్పుడు ఆ బొమ్మకు ఎలా తెలిసిందో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. అంతకన్నా అంతుపట్టనిది, అవ్వ ఇప్పుడు ఏ ఇంట్లో ఉన్నాననుకుంటున్నదో. అడగడానికి నాకు ఇంకా ధైర్యం రాలేదు.