తిమ్మక్క కొట్టంలో నాలుగు గుంజలు

తిమ్మక్క మాటెత్తితే ఇప్పటికీ నేను లేచి బయటికి పోతా. ఈ రోజు మాత్రం చెప్పేస్తా. ఈ పురుషోత్తమ మంచోడని అనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, ఇది విన్నాంక ఆ మాట మానుకోండి.

ఆమెది మండికల్లుకు పడమర గుట్టల కింద పాతిక ఇండ్ల పల్లె. మొగుడు వెంకటేశప్పకు నడుము పడిపోయి మంచం మీదుండేవాడు. రెండెకరాల రాగి చేను. పొద్దున్నే మొగుణ్ణి లేపి కూచోబెట్టి, ఇంత సంగటి పెట్టి చేనికి పోయేది. మేడి కూడా ఆమే పట్టేది. ఆడది మడక దున్నేదేందని ఎవరైనా నవ్వితే, "నువ్వొచ్చి దున్నిపెడ్తావా అప్పా?" అని నిలబెట్టి అడిగేది. ఒక జత ఎద్దులు, ఒక ఆవు, దాని పెయ్య ఉండేవి. పందొమ్మిది వందల నలభై నాలుగులో దీపావళికి ముందు గొడ్లకు పెద్దరోగమొచ్చింది. నోట్లో పుండ్లు, ఒకటే పారుడు. ఎనిమిది దినాల్లో నాలుగూ పోయినాయి.

ఆ పల్లెల్లో గొడ్డు చస్తే దాన్ని కట్టిన గుంజను ఏడాది దాకా పీకరు. పీకితే ఆ చావు ఇంట్లో మనిషి మీదికి తిరుగుతాదని భయం. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెడ్తారు. అప్పుడు నాకు ఇదేమీ తెలీదు. మాది పేరేసంద్రలో గుడి పూజలు చేసుకునే ఇల్లు. మా ఇంట్లో గొడ్డు చస్తే ఎవరో వచ్చి ఈడ్చుకుపోయేవాళ్లు, అంతే.

మరుసటి జనవరిలో జానువారు గణతి వచ్చింది, అంటే గొడ్ల లెక్క. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు శ్రీకంఠయ్య కింద నేను తాత్కాలిక గుమాస్తాను. లెక్క బాగా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు. బాగా చేసేదెట్ల? యుద్ధానికి ఎద్దుల్ని తోలుకుపోతారని ఎవడో పుకారు లేపినాడు. మేము ఊరి మొగదలకు పోయేలోగానే మందంతా గుట్టలెక్కేసేది. ఏ ఇంట్లో అడిగినా ఒకటే మాట, "లేవు సామీ, చచ్చిపోయినాయి." కాళ్ల కింద పేడ పచ్చిగా ఉంటాది, చచ్చిపోయినాయంట! నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు పుట్టింది నా తెలివి. గొడ్లు గుట్టకు పోతాయి, గుంజలు యాడికి పోతాయి? కొట్టంలోకి దూరి గుంజలు లెక్కపెట్టడం మొదలుపెట్టినా. తాడు ఒరిసి లోతుగా గాడి పడుంటే ఎద్దు. సన్నంగా పడుంటే ఆవు. మోకాలెత్తు గుంజయితే దూడ. శ్రీకంఠయ్య నా వీపు తట్టి, మూడు ఊర్లు అట్లనే రాయించినాడు. నేను ఉబ్బిపోయినా.

తిమ్మక్క ఇంటికీ అట్లనే పోయినా. "ఎన్నుండాయమ్మా?"

"ఒక్కటీ లేదు సామీ. అన్నీ చచ్చిపోయినాయి."

కొట్టంలో చూస్తే నాలుగు గుంజలు, నాలుగింటికీ తాజా బొట్లు. "చచ్చినవాటికి బొట్లు పెడ్తాండావా? ఎవరికి చెప్తావమ్మా ఈ కథలు?" అని నవ్వినా.

"అది మా పద్ధతి సామీ," అనింది. ఆ ఊరంతా అబద్ధమాడిన రోజు నిజం చెప్పింది ఆమె ఒక్కతే. ఎద్దులు రెండు, ఆవు ఒకటి, దూడ ఒకటి అని రాసుకుని వచ్చేసినా.

ఉగాది పోయినాంక ఆర్డరొచ్చింది. పెద్దరోగంలో గొడ్లన్నీ పోగొట్టుకున్న ఇండ్లకు సర్కారు ఒక జత ఎద్దులిస్తాదని. తిమ్మక్క ఎండలో నడిచి తాలూకా కచేరీకొచ్చింది. రిజిస్టరు తీస్తే నా రాతే, నాలుగు గొడ్లు. ఆమె నిలబడి అంతా మళ్లీ చెప్పింది, రోగం, గుంజలు, ఏడాది పద్ధతి. అప్పుడు నాకు అర్థమయింది. అర్థమై ఏం చేసినా? తిమ్మక్క గుంజలు తప్పంటే, రోగమొచ్చిన మూడూర్ల గుంజలూ తప్పే. నా ఉద్యోగం కాగితం అప్పటికి పైకి పోయుండాది. "పోయి ఆ గుంజలు పీకేయి. ఇన్‌స్పెక్టరొచ్చి ఖాళీ కొట్టం చూస్తే, గణతి అయినాంక చచ్చినాయనుకుని పేరు రాస్తాడు," అని చెప్పినా.

ఆమె మొగం తెల్లబోయింది. "ఏడాది కాలేదు సామీ. మా ఆయన మంచం మీదుండాడు."

"ఎద్దులు కావాల్నా వద్దా?"

పీకింది. ఒక్కతే, గడ్డపార పెట్టి. మూడు దినాలకు శ్రీకంఠయ్య వచ్చినాడు. నేనూ పక్కనే ఉండా. కొట్టంలో కాలు పెట్టి, పచ్చి గుంతలు నాలుగు చూసి మండిపడినాడు. "సర్కారు ఎద్దులకు ఆశపడి ఉన్నవాటిని నిన్నో మొన్నో అమ్ముకున్నావు! నన్ను మోసం చేస్తావా?" ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నా మీద ఎంతసేపుండిందో నాకు తెలుసు. నేను రిజిస్టరులోకి తల దించేసినా. బయట ఊరంతా నిలబడుండాది. ఎవడూ నోరు తెరవలేదు. గుంజల లెక్క తప్పంటే మళ్లీ గొడ్ల కోసం గుట్టలు వెతుకుతారని వాళ్ల భయం. శ్రీకంఠయ్య ఆమె పేరు కొట్టేసినాడు.

మంచం మీద నుంచి వెంకటేశప్పకు ఆ గుంతలు కనబడేవంట. చావు ఈసారి తన మీదికొస్తాందని సంగటి ముట్టడం మానేసినాడు. ఎంత బతిమాలినా నోరు తెరవలేదంట. తొలకరికి వారం ముందర పోయినాడు. అదే వారంలో నా ఉద్యోగం ఖాయమయింది. మా అమ్మ అంబుజాక్షి వీధి వీధంతా పాయసం పంచింది, నేనూ తిన్నా.

వాన పడిన నాలుగో దినం తిమ్మక్క మా గడప దగ్గర నిలబడుండాది. నొసట బొట్టు లేదు. తిట్టడానికొచ్చిందనుకున్నా. తిట్టినా బాగుండు.

"సామీ, మీ బుక్కులో నా ఎద్దులు ఇంకా ఉండాయా?"

"ఉండాయి తిమ్మక్కా."

"అయితే రెండు దినాలు ఇప్పించు సామీ. పదును ఆరిపోతాండాది. దున్నుకుని మళ్లీ తోలుకొచ్చి మీకే కట్టేస్తా."

ఎగతాళేమోనని మొగంలోకి చూసినా. కాదు. చదువు రాని మనిషి. సర్కారు రాసుకుందంటే, సర్కారు కొట్టంలో యాడనో మేస్తాంటాయని నమ్మి వచ్చింది. నా రాత తప్పని అప్పుడైనా చెప్పుండొచ్చు.

"మళ్లీ గణతి అయిదేండ్లకు తిమ్మక్కా. అప్పుడు చూద్దాం," అన్నా.

"అందాకా బాగా మేపమని చెప్పు సామీ," అని చెప్పి, కొంగు తల మీదికి లాక్కుని వానలోకి దిగి పోయింది.