ఐదో మనిషి

ముసురు పట్టినప్పటి నుంచి కోటిరత్నం మొగుణ్ణి స్మారకం గుడిసెలోనే పడుకోబెడుతోంది. రేపల్లె దిగువన మడ అడవిలో, స్వాతంత్ర్య పోరాట కాలంలో తెల్లవాళ్ళ పోలీసులకు చిక్కకుండా ఉద్యమకారులు తలదాచుకున్న చోటది. ఇప్పుడు లోపల నాలుగు సిమెంటు బొమ్మలు దుప్పట్లు కప్పుకుని పడుకుని ఉంటాయి. వాటి దుమ్ము దులపడం, వచ్చినవాళ్ళకు కథ చెప్పడం ఆమె పని. ఆమె పాక కారుతోంది. ఈ కప్పు కారదు. మొగుడు బ్రహ్మాజీకి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇంకోసారి అతను ఇక్కడ కనిపిస్తే ఆమె పని ఊడుతుందని పై సారు చెప్పి వెళ్ళాడు.

తెనాలి నుంచి చూడ్డానికొచ్చిన వయసు మళ్ళిన దంపతులు పడవ దిగడం చూసి ఆమె దుప్పటి బ్రహ్మాజీ ముఖం మీదికి లాగింది. "కదలమాకయ్యా."

"బోర్డు మీద నలుగురని ఉంది. ఐదుగురున్నారేంటమ్మా?" అన్నాడు పెద్దాయన.

"కొత్తగా పెట్టారండి బాబాయిగారూ."

"భలే చేశారు, ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది."

"ఇంట్లో ఈయనా ఇట్టాగే పడుంటారు," అని నవ్వుతూ ఆయన భార్య దుప్పటి అంచు పట్టుకుంది. కోటిరత్నం చెయ్యి అడ్డుపెట్టింది. "ముట్టుకోకూడదండి పిన్నిగారూ, రంగు ఊడుద్ది."

వాళ్ళు ఫొటోలు తీసుకుని వెళ్ళాక దుప్పటి తొలగించింది. దగ్గు ఆపుకోవడానికి బ్రహ్మాజీ నోట్లో కుక్కుకున్న తువ్వాలు ఎర్రగా తడిసి ఉంది. ఆమె దాన్ని తీసి పొడిది ఇచ్చింది. అంతలో కాలువ మలుపులో ఇంకో పడవ ఇంజను వినిపించింది. ఈసారి దుప్పటి అతనే కప్పుకున్నాడు.