నాయన తుంటిలో అదనపు ఎముక

మా నాయన ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. అక్కర్లేని రాయిని తీసేయడమే ఆయన పని. అలాంటి మనిషికి నిరుడు అక్కర్లేని చోట ఎముక మొలిచింది. ఇందులో ఎవరి పాత్ర ఎంతన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. ప్రతివాళ్లకూ పక్కవాళ్ల పాత్రే బాగా గుర్తుంది.

కుడి తుంటి కీలు అరిగిపోతే నంద్యాలలో మార్పించాం. అప్పటికి షెడ్డులో చాగలమర్రి వాళ్ల అమ్మవారి విగ్రహం సగంలో ఉంది. ఒళ్లు ఎవరైనా చెక్కొచ్చు గానీ, ముఖం మాత్రం నాయనే చెక్కాలి. మా షెడ్డులో అదే పద్ధతి. ఆ ముఖం తన చేత్తో పూర్తవుతుందా లేదా అన్నదొక్కటే ఆయన దిగులు. తుంటి గురించిన దిగులు మాకు వదిలేశాడు.

నేను మెకానికల్ డిప్లొమా చేసి నంద్యాలలో ఒక వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. కీలు మార్చడమంటే బేరింగు మార్చడమేనని ఇంటిల్లిపాదికీ బొమ్మ గీసి మరీ వివరించాను. బేరింగు చుట్టూ కొత్త ఇనుము మొలవదు కదా అని నా ధైర్యం.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక మాత్ర చూపించి, "నొప్పి లేకపోయినా ఇది ఆపొద్దు" అన్నాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. డాక్టరును ఎందుకని అడగడం మాలో మర్యాద కాదు. ఇంటికొచ్చాక ఆయన చెప్పింది మానేయడానికి మాత్రం ఏ మర్యాదా అడ్డు రాదు.

మానిపించింది మా మేనమామ. ఆయనకు బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే మిషన్ ఉంది. వచ్చీ రాగానే మందుల సంచి విప్పాడు.

"నొప్పుందా బావా?"

"లేదప్పా."

"మరి నొప్పిబిళ్ల ఎందుకు మింగుతాండావ్? కిడ్నీలు పోతాయ్. మా పక్కింటాయనకు అట్నే పోయినాయ్."

డాక్టరును అడుగుదామన్నాను. కానీ నా మాట కన్నా ఆ పక్కింటాయన కిడ్నీలే బరువు తూగాయి.

కొన్నాళ్లకు కాలు బిగుసుకుంటోందని నాయన అన్నాడు. అంతే, ప్రతి ఆదివారం మామ వచ్చి ఆయన మోకాలు పట్టుకుని కడుపు వైపు వంచడం మొదలుపెట్టాడు.

"నడపకుంటే మిషనైనా పట్టేస్తాది బావా, ఓర్చుకో."

నాయన అరుపులు వీధి చివరిదాకా వినిపించేవి. అరుపు ఎంత పెద్దదైతే వైద్యం అంత బాగా పడుతున్నట్టు లెక్క. అమ్మ తన వంతుగా రోజూ మేక కాళ్ల పులుసు కాచింది. ఇన్ని చేసినా కాలు వారం వారం తక్కువే వంగింది.

చివరికి నంద్యాలలో ఎక్స్‌రే తీయించాం. కొత్త కీలు పక్కన తెల్లటి మబ్బు లాంటిది కనిపించింది.

"ఎముక పెరుగుతోంది" అన్నాడు డాక్టరు.

మామ ముఖం వెలిగిపోయింది. "చూసినావా బావా? అంతా నా వంచుడు మహిమే!"

"మరి నా పులుసో?" అంది అమ్మ.

"పెరగాల్సిన చోట కాదమ్మా, కండలో పెరుగుతోంది. కీలు మార్చాక కొందరికి ఇలా కండలో ఎముక కడుతుంది, కాలు వంగనివ్వదు. అది రాకుండా ఉండాలనే ఆ మాత్ర ఇచ్చాను."

అప్పటిదాకా ఆ ఎముకకు ఇద్దరు హక్కుదారులున్నారు. ఆ మాటతో ఒక్కరూ మిగల్లేదు. పులుసుకూ దీనికీ సంబంధం లేదనీ, మాత్ర వేసుకున్నా కొందరికి వస్తుందనీ డాక్టరే మళ్లీ అన్నాడు. ఆ రెండో మాట మామకు ఒక్కడికే బాగా వినిపించినట్టుంది.

"రాయి ముందర నేల మీద గొంతుక్కూచోకుంటే నేను పని యాడ చేసేది సార్?" అన్నాడు నాయన.

"అలా కూర్చోవద్దని ముందే చెప్పాను. ఇప్పుడు కుర్చీలో కూడా కష్టమే. ఆ ఎముక ముదరాలి, తర్వాత అవసరమైతే కోసి తీద్దాం. అప్పటిదాకా బలవంతంగా వంచొద్దు."

ఇంటికొచ్చి నేను మూడు లెక్కలు కట్టాను: విగ్రహాన్ని ఎంత ఎత్తులో పెట్టాలి, స్టాండు ఎంత బరువు మోయాలి, కాలు చాపి ఆనుకోవడానికి స్టూలు ఎంత వాలుగా ఉండాలి. నాయన ఆ కాగితం వైపు కూడా చూడలేదు.

"అమ్మవారిని బల్ల మీద పెడ్తావా? హోటల్లో ఇడ్లీ మాదిరి?"

ఆయన మనసు మార్చిన ఘనత నా లెక్కలది కాదు. చాగలమర్రి పెద్దమనిషి ఒకాయన ఎంతో ప్రేమగా ఫోన్ చేశాడు. "నువ్వు రెస్టు తీసుకోప్పా, ముఖం ఇంకెవరితోనన్నా చెక్కిస్తాంలే" అన్నాడు. నాయన ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు.

"ఏందిరా చూస్తాండావ్? యాడికి ఎత్తాలో ఎత్తు, బేగా!"

గొలుసులతో విగ్రహాన్ని స్టాండు మీదికి ఎత్తాం. నాయన కుడికాలు చాపి, సగం నిలబడి, సగం కూర్చుని, చాలాసేపు రాయినే చూశాడు.

"ఈ భుజం చెక్కిన మొగోడు ఎవుడ్రా?" అని ఒక్క అరుపు అరిచాడు. షెడ్డులో అందరూ తలలు దించుకున్నారు, హాయిగా నవ్వుకోవడానికి.

నెలలు గడిచాయి. మళ్లీ తీయించిన ఎక్స్‌రే చూసి, ఎముక ముదిరింది, వచ్చి చేరితే తీసేద్దామని డాక్టరు ఫోన్ చేశాడు. నాయన ఉలి దించకుండానే మాట్లాడాడు.

"ఇప్పుడు యాడ వచ్చేది సార్, కండ్లు మిగిలినాయ్."

అంతే, ఫోను నా చేతిలో పెట్టి సుత్తి అందుకున్నాడు. ఎవరి కండ్లో డాక్టరుకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది.