మడికట్టిన టెర్రియర్

ఎలుకంత కుక్కని తెచ్చి మా ఆయన వసారాలో దింపారు. "టాయ్ టెర్రియర్ అట. దొరగారు మన్యం క్యాంపు నుంచి వచ్చేదాకా మనమే చూడాలి" అన్నారు. తాలూకా ఆఫీసు గుమాస్తా దొరని కాదనగలడా! దానికేమైనా అయితే తనని మన్యానికి బదిలీ చేస్తారని ఆయన భయం. ఆ కొండల్లో చలిజ్వరం తగిలి వచ్చినవాళ్లని నర్సీపట్నంలో అందరం చూశాం. తిరిగిరానివాళ్ల సంగతీ విన్నాం. నాకూ అదే బెంగ.

కుక్కకి మాత్రం ఏ బెంగా లేదు. దానికి మా అత్తగారే కావాలి. ఆవిడ స్నానం చేసి మడికట్టుకుని వంటింటి వైపు అడుగేస్తే చాలు, పరుగెత్తుకొచ్చి కాళ్లకి చుట్టుకునేది. మడి పోయింది! మళ్లీ స్నానం, మళ్లీ నేను నీళ్లు తోడడం. మా ఆయన చద్దన్నం తిని ఆఫీసుకి పరుగు. పోనీ కట్టేద్దామంటే వీధి వీధంతా లేచేలా ఏడుపు. నా రెక్కలు పడిపోయాయి.

చివరికి ఆవిడకో ఉపాయం తట్టింది.

"ఇది ఎలాగూ ముట్టుకోక మానదు. దీనికీ నీళ్లు పోసేస్తే సరి. ఇద్దరం మడే!"

నేను నెత్తి కొట్టుకున్నాను. అసలే ధనుర్మాసం. రోజూ తెల్లవారకుండానే ఆ చలిగాలిలో దాన్ని నూతిగట్టున నిలబెట్టి చేదతో నీళ్లు గుమ్మరించేవారు.

వారం తిరక్కుండా అది మూలపడింది. ఒకటే వణుకు, పాలు కూడా ముట్టలేదు.

"కొంప ముంచావు గదే అమ్మా! దొరగారు ఎల్లుండి దిగుతున్నారు!" అని అరిచారు మా ఆయన.

అత్తగారు మడీ మానేశారు, పూజా మానేశారు. కుంపటి పక్కన కూచుని దాన్ని ఒళ్లో పెట్టుకుని, దూదితో పాలు నోట్లో పిండుతూ ఉండిపోయారు. "బేగి లేవే తల్లీ, నా కొడుకుని మన్యం పంపకే" అని దాన్నే బతిమాలుకున్నారు.

లేచింది, ముదనష్టపుది! దొరగారు వచ్చేసరికి ఆవిడ ఒళ్లోంచి దిగనంటే దిగనంది. ఆయన పకపకా నవ్వి మా ఆయన భుజం తట్టారు. ఇలాంటి నమ్మకస్తుడు తన వెంటే ఉండాలన్నారు. మర్నాడే ఆర్డరు. మన్యంలో క్యాంపు గుమాస్తా పని, కుక్క బాధ్యత కూడా.

"ఏటిరా ఇది! చస్తే తిట్టి పంపుతాడనుకున్నాం, బతికిస్తే మెచ్చి పంపుతున్నాడా!" అంటూ అత్తగారు గుమ్మంలో కూలబడ్డారు.

దొరగారి మెప్పు దొరికిన రోజున ఏడవకూడదని మా ఆయన కోప్పడ్డారు. నేను ఏడుస్తూనే ఆయన పెట్టె సర్దాను.