టోకెనక్క చెవులు

ఆ ఆసుపత్రిలో చివరి వరండా దాటితే ఒక హాలు వస్తుంది. తలుపు మీద గది నంబరు తప్ప ఇంకేమీ రాసి ఉండదు. హెచ్‌ఐవి ఉన్నవాళ్ళు నెలనెలా మాత్రలు తీసుకునే చోటు అది. అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవరు, టోకెన్ నంబరుతోనే పిలుస్తారు. పిలిచే ఆవిడ టోకెనక్క.

ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళ కిందట మొగుడు పోయాక, ఆయన అంటించిపోయిన జబ్బుతో, మూడేళ్ళ కూతుర్ని చంకనేసుకుని ఆ హాలుకే వచ్చింది. అప్పుడామె మనిషి కాదు, ఎముకల గూడు. మాత్రలు పనిచేశాయి. ఒంటికి కండ పట్టింది, గొంతుకు పదునొచ్చింది. కొన్నాళ్ళకు ఆసుపత్రివాళ్ళే టోకెన్లు పిలిచే పని ఇచ్చారు. మాత్రలు మానేసినవాడు కంటపడితే చాలు, అగ్గి మీద గుగ్గిలమయ్యేది. "చావాలనుంటే ఇంట్లో చావు. ఇక్కడికొచ్చి బెంచీలెందుకు అరగదీస్తావు?" అనేది. తిట్లు తిన్నవాడు మరుసటి నెల టంచనుగా వచ్చేవాడు. ఆ తిట్ల పుణ్యాన బతికి బట్టకట్టినవాళ్ళు బోలెడుమంది.

యాభై ఎనిమిదో ఏడు నడుస్తుండగా వ్యవహారం తిరగబడింది. నంబరు ఒకటికి మూడుసార్లు చెప్పించుకోవడం మొదలుపెట్టింది. "నోట్లో ఏం నానబెట్టావు? గట్టిగా చెప్పు!" అని కసిరేది. ఆ హాలుకు వచ్చేవాళ్ళు గట్టిగా మాట్లాడేవాళ్ళు కారు. దగ్గు కూడా చేతిరుమాలులో దాచుకుని దగ్గుతారు. మూడోసారీ వినబడకపోతే ఆమె "ఊఁ, సరే సరే" అని తలూపేసేది. తన చెవులు పోయాయని ఒప్పుకోవడంకన్నా లోకానికి గొంతు పోయిందనుకోవడం ఆమెకు తేలిక.

మందుల కిటికీలో కూర్చునే ఫార్మసిస్టుకూ ఆమెకూ పదకొండేళ్ళుగా ఉప్పూ నిప్పూ. ఆమెకు 'సైరన్' అని పేరు పెట్టింది ఆయనే. ఆమె ఆయన్ని 'నత్త' అనేది. ఈ మధ్య ఆయన రెండు డబ్బాలు తెమ్మంటే ఒకటి తెచ్చేది, అడిగితే నువ్వు చెప్పలేదని ఎదురు తిరిగేది. "జబ్బు తలకెక్కింది" అని ఆయన నర్సులతో అంటూనే ఉన్నాడు.

ఒక ఉదయం కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఒకతె బల్ల మీదికి వంగి, పెదవులు కదిలీ కదలకుండా చెప్పింది. "మా అత్తగారు బెంచీ మీద ఉన్నారు. రక్తం తక్కువని చెప్పి వచ్చాను. ఆవిడ ముందు ఏమీ అనకండి, అక్కా."

టోకెనక్క "ఊఁ, సరే సరే" అని తలూపింది.

పది నిమిషాల తర్వాత ఆ అమ్మాయి మందుల పుస్తకం తిరగేసి హాలు దద్దరిల్లేలా అరిచింది. "పదిహేడూ! పోయిన నెల మాత్రలు ఎగ్గొట్టావేం? హెచ్‌ఐవి అంటే జలుబనుకున్నావా?"

బెంచీ మీద అత్తగారు లేచి నిలబడింది. కోడలి ముఖం కూడా చూడకుండా బయటికి నడిచింది. ఆ అమ్మాయి ఆవిడ వెనక పరుగెత్తింది. మాత్రలు కిటికీ దగ్గరే ఉండిపోయాయి.

వారం తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. పుట్టింట్లో ఉంటోందట. బల్ల ముందు నిలబడి ఈసారి గట్టిగానే మాట్లాడింది. "మీకూ ఇదే జబ్బంట కదా. మీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నట్టు అడిగాను. సరే అన్నారు. ఎందుకన్నారు?"

టోకెనక్క ఎదురు తిట్టకుండా లేచి, కిటికీ దగ్గర ఉండిపోయిన మాత్రలు తెచ్చిచ్చింది. ఇరవై రెండేళ్ళలో అలా జరగడం అదే మొదలు.

ఫార్మసిస్టు అదే రోజు ఫిర్యాదు రాశాడు. ఆమెకు మతి తప్పుతోందని, రోగుల ముందు కూర్చోబెట్టడం ప్రమాదమని. డాక్టరమ్మ ఆమెను లోపలికి పిలిచి జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టింది. ఐదు మాటలు చదివి, కాసేపాగి చెప్పమంది. టోకెనక్క రెండే చెప్పింది. డాక్టరమ్మ ఏదో అనుమానం వచ్చి, వేరే ఐదు మాటలు కాగితం మీద రాసి చూపించింది. ఈసారి నాలుగు వచ్చాయి.

"నీ బుర్ర సంగతి తర్వాత. ముందు చెవులు చూపించుకో."

పై అంతస్తులో, అద్దాల గదిలో, చెవి పరీక్ష చేసే అమ్మాయి ఆమె తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడితే చెయ్యెత్తమంది. ఆ అమ్మాయి మీటలు తిప్పుతూనే ఉంది. టోకెనక్క చెయ్యి ఒళ్ళో అలాగే ఉంది. సన్నటి శబ్దాలన్నీ పోయాయని తేలింది. గుసగుసలైతే అసలే అందవు.

రిపోర్టు చూసి డాక్టరమ్మ చెప్పింది. "ఈ వైరస్‌తో ఏళ్ళ తరబడి బతికినవాళ్ళకి మతిమరుపు భయం మిగతావాళ్ళకన్నా కాస్త ఎక్కువ. చెవుడు తోడైతే ఇంకా పెరుగుతుంది. వినడానికే బుర్ర అలిసిపోతుంది, మనుషులతో మాటలు తగ్గిపోతాయి. చెవికి మిషన్ పెట్టుకుంటే ఆ ముప్పు తగ్గొచ్చు."

"తగ్గొచ్చా, తగ్గుతుందా?"

"తగ్గొచ్చు. గ్యారంటీ ఇవ్వలేను."

"గ్యారంటీ లేనిదాన్ని నేనెందుకు వేలాడేసుకోవాలి? రక్తంలో ఉన్నదాన్ని ఇన్నేళ్ళు ఈ ఆసుపత్రి బయట ఎవరికీ తెలియకుండా దాచుకున్నాను. ఇది చెవి మీద కూర్చుని అందరికీ చాటుతుంది."

"మాత్రలు మొదలుపెట్టినప్పుడు నీకెవరిచ్చారు గ్యారంటీ? రోజూ ఆ హాల్లో జనానికి నువ్వు చెప్పేదేంటి?"

టోకెనక్క తలుపు విసిరికొట్టి బయటికొచ్చింది. వరండాలో ఫార్మసిస్టు ఎదురయ్యాడు. పెదవులు కదిపాడు. ఏమన్నాడో ఆమెకు అందలేదు, కానీ ఆ నవ్వు అర్థమైంది. ఈ మనిషి ఆమె కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూస్తున్నాడు. వచ్చినదారినే వెనక్కి వెళ్ళి, "మిషన్‌కి కొలతలు తీసుకోమనండి" అంది. ఆరోగ్యం కోసం కాదు, పంతం కోసం.

మిషన్లు పెట్టిన మొదటి వారం నరకం. కుర్చీ ఈడ్చిన చప్పుడు పళ్ళ మధ్య ఇసుకలా ఉండేది. మాత్రల రేకు చిరిగితే ఉలిక్కిపడేది. తన గొంతు తనకే పరాయిదానిలా వినిపించింది. ఇంతకాలం తాను ఇలా అరుస్తోందా? రెండుసార్లు పీకి బల్ల సొరుగులో పడేసింది. రెండుసార్లూ చెవి పరీక్ష అమ్మాయి కిందికి దిగొచ్చి, మారు మాట్లాడకుండా మళ్ళీ పెట్టి వెళ్ళింది.

నెల గడిచాక ఆ పదిహేడో నంబరు అమ్మాయి మాత్రల కోసం వచ్చింది. టోకెనక్క ఆమెకు మాత్రమే వినబడేలా, "అమ్మా, అప్పుడు నాకు నీ మాట వినబడలేదు. వినబడలేదని చెప్పకపోవడం నా తప్పు" అంది.

"మీ చెవులు బాగయ్యాయి. నా కాపురం బాగవలేదు" అంది ఆ అమ్మాయి. ఆ తర్వాత కూడా ప్రతి నెలా వస్తుంది. పుస్తకం బల్ల మీద పెట్టి, గోడవైపు తిరిగి నిలబడుతుంది. టోకెనక్క ఆమె నంబరు పిలవదు. లేచి వెళ్ళి పుస్తకం చేతికిచ్చి వస్తుంది.

ఆరు నెలలకు డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష పెట్టింది, ఈసారి నోటితోనే చదివి. నాలుగు మాటలొచ్చాయి. ఐదోది ఎంత తడుముకున్నా రాలేదు. కొంత చెవి, కొంత వయసు, కొంత ఆ పాత జబ్బు. ఏది ఎంతో ఎవరూ తేల్చలేరంది డాక్టరమ్మ. ఏడాదికోసారి చూస్తానంది. ఫిర్యాదు కాగితం మీద 'వినికిడి లోపం, చికిత్స జరుగుతోంది' అని రాసి పక్కన పడేసింది. కుర్చీ నిలిచింది. ఫార్మసిస్టు నెల్లాళ్ళు ఆమె ముఖం చూడలేదు. ఆమెకూ ఆ ముఖం చూడాలని లేదు.

అసలు యుద్ధం మాత్రం మిషన్లు పెట్టుకున్న మొదటి రోజే ఇంట్లో మొదలైంది. కూతురు కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది. అమ్మతో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలని ఏడాదిగా మాటలు బాగా తగ్గించేసింది. ఏం చెప్పాలన్నా వంటింట్లో గోడకే గొణుక్కునేది. అలవాటుకొద్దీ ఆ సాయంత్రమూ గొణిగింది. "వచ్చిందమ్మా మహారాణి, ఇక మొదలు."

"ఏం మొదలు?" అంది టోకెనక్క గుమ్మంలోంచి.

కూతురి చేతిలో గరిటె ఆగిపోయింది. "నీకు వినబడిందా?"

"అంతా వినబడింది. ఏడాదిగా ఇంకేమేం అన్నావో అది కూడా చెప్పు."

"చెప్తాను! కూర్చో, అన్నీ చెప్తాను. నా ఉద్యోగం మారిందని నీకు చెప్పానా? ఊఁ సరే సరే అన్నావు. జ్వరం వచ్చి పడుకున్నానంటే ఊఁ సరే సరే అన్నావు. నాకు అమ్మ ఉందో గోడ ఉందో తెలియలేదు!"

"మరి చెవులు పోతున్నాయని నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్పాను! వినబడితేగా!"

టోకెనక్క చెప్పులు విప్పి, పీట లాక్కుని కూతురికి ఎదురుగా కూర్చుంది. "ఆ జ్వరం ఎప్పుడొచ్చింది? మొదట్నుంచి చెప్పు," అంది. కూతురు పొయ్యి ఆర్పి, మొదట్నుంచి తిట్టడం మొదలుపెట్టింది.