రొట్టె మీద నా పేరు

మా అమ్మ నాకిచ్చిన ఆస్తి మూడు చుక్కలు. పిండిని గుండ్రంగా తట్టి, వీధి పొయ్యికి పంపే ముందు తాళంచెవి మొనతో లోతుగా మూడు చోట్ల గుచ్చాలి. మా ఊరు సెఫ్రూలో, మా సందులో ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిది. పొయ్యి నడిపే బా అల్లాల్ ఆ గుర్తులు చూసే కాలిన రొట్టెలు ఎవరివి వాళ్ల పళ్లెంలో వేసేవాడు. కాపురానికి వచ్చిన నాటి నుంచి నేను ఇంకొకరి రొట్టె తిన్న పాపాన పోలేదు.

అలాంటిదాన్ని ముసలితనంలో చదువుకోబోయాను. మసీదు పక్క గదిలో సాయంత్రాలు ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతారు. మా టీచరు ఇబ్తిహాల్‌ది నా మనవరాలి వయసు. "అమ్మా, అది పెన్సిలు, గరిటె కాదు. కాస్త వదులుగా పట్టుకోండి" అనేది. నా పక్కన హాజా మన్నానా కూర్చునేది. ఆవిడకు రక్తపోటు, నాకు మతిమరుపు. ఆవిడ పలకలోకి తొంగి చూడకుండా నేను రాసింది ఒక్క నా పేరే, తామూ అని.

ఆ పేరు వచ్చాక ఇక నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. అద్దం మీది ఆవిరిలో 'తామూ', చల్లిన పిండిలో 'తామూ'. "ఏమే, నా నుదుటి మీద కూడా రాస్తావా ఏంటి?" అన్నాడు మా ఆయన మీలూద్. ఆయన నుదురు నున్నగా ఉంటే రాసేదాన్నే.

ఒక మంగళవారం మూడు చుక్కలు మానేసి రొట్టెల మీద పేరు గీశాను. నేనొక్కదాన్నే చెడి ఊరుకుంటే బాగుండేది. "చుక్కలూ గీతలూ చదువురానివాళ్లకమ్మా" అని ముందు రోజే క్లాసులో అందరికీ ఎక్కించాను. క్లాసు క్లాసంతా పేర్లు గీసి పంపారు.

పిండి పొంగింది, పేర్లు పూడుకుపోయాయి. మధ్యాహ్నం నేను పొయ్యి దగ్గరికి వెళ్లేసరికి ఆడవాళ్లంతా అరుగు మీది రొట్టెలు వాసన చూస్తూ పోట్లాడుకుంటున్నారు.

"నాది సోంపు వేసిందే, ఇలా తే."

"నీ సోంపు నా బార్లీ రొట్టెకెలా అంటిందే?"

బా అల్లాల్ చెమట తుడుచుకుంటూ, ఎప్పటిలా మర్యాదగా, "లల్లా తామూ, మీ చుక్కలేవీ? ఇవాళ ఒక్కటీ పోల్చుకోలేకపోయాను" అన్నాడు.

తప్పు నాదేనని అప్పటికే అర్థమైంది. నోరు ఊరుకుంటేనా. "శుభ్రంగా పేరు రాసి పంపితే చుక్కలెందుకు? చదవడం రాదని చెప్పు" అన్నాను, వీధంతా వినేలా.

బా అల్లాల్ రొట్టెలు తీసే పొడుగాటి చెక్క పార అందుకుని పొయ్యి వైపు తిరిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చేతికందిన రొట్టెలతో వచ్చేశాను.

అవి హాజా మన్నానావి, ఉప్పు లేనివి. మీలూద్ ఒక ముక్క పులుసులో ముంచి నమిలి, "అక్షరాలు ఉప్పు కూడా తింటాయా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. చదువు రాని రోజుల్లో నేనెవరినీ చదువు రాదని దెప్పలేదు. వచ్చిన నాలుగు అక్షరాలకే ఇంత పొగరైతే ఈ చదువు నాకొద్దనుకుని పలక సంచీ మేకుకు తగిలించాను. ఇబ్తిహాల్ కబురంపితే మోకాలి నొప్పని చెప్పించాను.

కొన్నాళ్లకు చుక్కల రొట్టెలు నేనే మోసుకెళ్లాను, క్షమించమని అడుగుదామని. పొయ్యి గది గడప దగ్గర పళ్లెం దించాను. లోపల బా అల్లాల్ ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి అరుగు మీద పొడి పిండి చల్లి, అరచేత్తో చదును చేశాడు.

"నా పేరు రాయండి" అన్నాడు.

"ఇంకా సిగ్గు తీయకు బా అల్లాల్. ఆ రోజు నోరు జారాను."

"అదేం లేదు. మగాళ్ల క్లాసు పెట్టేది సరిగ్గా నేను పొయ్యి రాజేసే వేళకి. నన్ను పిలిచే పేరు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు."

వేలు పెట్టాను. ఎంత తన్నుకున్నా మొదటి అక్షరం గుర్తు రాలేదు. అది మన్నానా పలకలోనే ఉండిపోయింది. దానికి చోటు వదిలి మిగతాది రాశాను.

"ఇక్కడ ఖాళీగా ఉందే?"

"అది రేపు తెస్తాను" అన్నాను, ఇరుగింటికి చేబదులు పిండి తిరిగిచ్చేదానిలా.

బా అల్లాల్ ఆ సగం పేరు చెరిగిపోకుండా దాని మీద ఒక పళ్లెం బోర్లించాడు. నేను ఇంటికెళ్లి మేకు మీది సంచీ తీసుకున్నాను.