తుండు కింద బేరం

ఆ రోజుల్లో నాకు ఇరవైరెండేళ్ళు, బేరంలో నన్ను మించినవాళ్ళు లేరని గట్టి నమ్మకం (నమ్మింది నేనొక్కదాన్నే). విరుదునగర్‌లో మా నైనాది మిరపకాయల మండీ. ఆ మూటల మధ్య తుమ్ముతూ పెరిగిన నాకు కోవిల్‌పట్టిలో ఒక చిన్న బడిలో అయిదో తరగతి టీచరు పని దొరికింది. అదీ పెద్ద పరీక్షల దాకానే. "ఆమీద వాళ్ళు వద్దంటే వొచ్చి అంగట్లో కూచో," అన్నాడు నైనా. నాకేమో పొద్దున బస్సు దిగి ఆ గదిలోకి అడుగుపెడితే నలభై గొంతులు ఒకే రాగంలో "గుడ్ మార్నింగ్ మిస్" అనడం వ్యసనమైపోయింది. ఎట్లాగైనా అక్కడే ఉండిపోవాలి.

దానికి అడ్డమల్లా లెక్కలు తొందరగా ముగించే అయిదారుగురు పిల్లలు. పది లెక్కలిస్తే మిగతావాళ్ళు మూడోదాని దగ్గర తల గోక్కుంటుండగానే వీళ్ళు నోటుబుక్కులు మూసేసేవాళ్ళు. ముందు గుసగుసలు, తరవాత గిల్లుళ్ళు, ఆఖరికి యుద్ధం. వీళ్ళ నాయకురాలిని అందరూ ఎక్స్‌ప్రెస్ అనేవాళ్ళు. వాళ్ళమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేసేది. వాళ్ళదీ మా మాదిరే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తరగతంతా తమిళంలో గోల చేస్తుంటే ఈ పిల్ల మాత్రం నా బల్ల దగ్గరికొచ్చి, రహస్యం చెప్పినట్టు తెలుగులో, "ముగించేస్తిని మిస్. ఇంకేం జేసేది?" అనేది. ఇంకో పది లెక్కలిచ్చాను. "బిరీన జేసినందుకు శిక్షా మిస్?" అంది. బొమ్మ గీయమన్నాను. నా బొమ్మే గీసింది, ముక్కు ధారాళంగా పెట్టి. ఆ గోలకు పెద్ద టీచరమ్మ (మా హెడ్మిస్ట్రెస్) రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళిపోయింది. ఆ ఏడాదితో ఆమె రిటైరవుతోంది. పోయేముందు నన్ను ఉంచాలో పంపాలో రాసిపెట్టేది ఆమే.

ఒక ఆదివారం మండీలో దిగాలుగా కూర్చుని ఉంటే, రోజూ చూసేదే కొత్తగా కనబడింది. భుజం మీది తుండు తీసి చేతుల మీద కప్పుకుని, కొనేవాడూ అమ్మేవాడూ దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. పక్కనున్నవాడికి తెలియదు, నోరు విప్పే పని లేదు. అంత వ్యాపారం, ఒక్క మాట లేదు! సోమవారం నైనా తుండొకటి నాతోబాటు బస్సెక్కింది.

లెక్కలన్నీ తప్పుల్లేకుండా ముగించినవాళ్ళకే తుండు. సరుకు, కిటికీ పక్క చోటు. ధర, ఆ చోటు కొన్నవాళ్ళు ఎన్నిసార్లు బోర్డు తుడవాలి అన్నది. నోరు తెరిస్తే బేరం రద్దు, పైగా ఆ రోజు బోర్డు తుడవడం వాళ్ళ పనే. ఆ వారం మా గదిలో వినిపించింది ఫ్యాను చప్పుడే. ఎక్స్‌ప్రెస్ నాతో కూడా బేరానికి దిగింది. ఇంటికి అయిదు లెక్కలిద్దామనుకుంటే, నా మొహంలోకే చూస్తూ వేలు వేలుగా విడిపించి రెండుకు తెచ్చింది. నైనా చూసుంటే నన్ను వదిలేసి దాన్ని మండీలో పెట్టుకునేవాడు.

శుక్రవారం పెద్ద టీచరమ్మ లోపలికే వచ్చేసింది. మూల బెంచీలో ఇద్దరు పిల్లలు తుండు కింద చేతులు పెట్టి, పైకప్పు వంక చూస్తూ యోగుల మాదిరి కూర్చున్నారు. "ఏమ్మా, చిలకజోస్యం నేర్పుతున్నావా?" అంది. నా పని అయిపోయిందనుకుని ఉన్నదంతా చెప్పేశాను. ఆమె పిల్లల చేతుల మీది తుండు తీసుకుంది. "మా నాన్న పత్తి బ్రోకరు. నన్ను ఏనాడూ ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టనివ్వలేదు," అని బెంచీలో నా ఎదురుగా కూర్చుంది. "ఎన్నేళ్ళుంటావు ఇక్కడ? నోరు తెరవకూడదు, నీ రూలే."

తుండు కింద ఆమె చెయ్యి నా వేలొకటి పట్టుకుంది. ఒక ఏడాది. మండీ బిడ్డ ఎవరైనా అప్పుడేం చేస్తారు? మొహం చిట్లించి, అయిదు వేళ్ళూ పట్టుకుని, మూడు దగ్గర దిగుతారు. నేనేమో ఆమె ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకుంటుందోనని ఆమె వేలూ ఒక్కటే గబుక్కున పట్టేసుకున్నాను.

"అయ్యో మిస్! మొదటి ధరకే ఒప్పుకుంటారా ఎవరైనా?" తుండు ఒక్కసారే కదలడం చూసి ఎక్స్‌ప్రెస్ ఆపుకోలేక అరిచేసింది. (బోర్డు తనే తుడవాల్సొచ్చింది.)

ఏడాది నిండింది. కొత్తగా వచ్చిన పెద్ద టీచరు బీఎడ్ చదివినవాళ్ళే కావాలంది. వెళ్ళొస్తానని చెప్పడానికి పాత టీచరమ్మ ఇంటికి పోతే, కాఫీ చేతికిచ్చి, "పిచ్చిపిల్లా, ఆ రోజు అడిగుంటే మూడేళ్ళు రాసిచ్చి పోయేదాన్ని కదా," అంది.

ఇప్పుడు మండీ నాదే. ధరలన్నీ ఫోన్లో వస్తున్నాయి, బేరంలో నన్ను ఏమార్చడం ఎవరి తరమూ కాదు. పొద్దున కోవిల్‌పట్టి బస్సు అంగడి ముందు నుంచి పోతుంటే మాత్రం, రెండేళ్ళు చేజార్చుకున్న ఆ ఇరవైరెండేళ్ళ పిల్లను తిడదామనుకుంటాను. తిట్టలేను. ఆ ఒక్క వేలినే ఎంత గట్టిగా పట్టుకుందో నాకు తెలుసు.